ఎకో జార్ రివ్యూ: వండేది ముగ్గురు, తినేది పదకొండు మంది

కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే ఇలాంటివి అమ్మేవాళ్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో బోలెడుమంది, అందరి డబ్బా మీదా అదే బొమ్మ, అవే మాటలు. గాజు జార్, లోపల పచ్చటి మొక్క, ఎర్ర రొయ్యపిల్లలు, అడుగున తెల్ల రాళ్లు, పక్కన పెద్ద అక్షరాలతో మేత వేయక్కర్లేదు, నీళ్లు మార్చక్కర్లేదు, వెలుతురు ఒక్కటి చాలు, ఏళ్లకేళ్లు బతుకుతుంది అని. నేను 1,450 రూపాయలు పెట్టి కొన్నా. 19 రోజులు బతికింది. అంటే రోజుకి 76 రూపాయల పైచిలుకు, ఆ డబ్బులకి మా డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర రోజూ కడుపునిండా టిఫిన్ చేసి టీ కూడా తాగి రావొచ్చు.

కొన్నది నా కోసం కాదు, మా మేనకోడలు చిట్టి కోసం. అక్కావాళ్లు సంతబొమ్మాళి వైపు ఉంటారు, బావ అక్కడ రొయ్యల చెరువు లీజుకి చేస్తాడు, పిల్ల చదువు కోసం శ్రీకాకుళంలో మా దగ్గర ఉంటుంది. ఎనిమిదో తరగతి. స్కూల్లో ఆవరణ వ్యవస్థ మీద ప్రాజెక్టు ఇచ్చారు, ఉత్పత్తిదారులు, వినియోగదారులు శక్తి ఎలా పొందుతారో మోడల్ చేసి దసరా సెలవుల తర్వాత తెమ్మన్నారు. మామూలుగా అయితే ఒక థర్మాకోల్ షీటు, దాని మీద గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద బొమ్మలు అంటించి బాణాలు గీసి పంపేస్తాం కదా, నా చిన్నప్పుడూ అదే, ఇప్పుడూ అదే, ఆ మిడతా కప్పా తప్ప ఈ భూమ్మీద ఇంకో ఆహారపు గొలుసే లేనట్టు. చిట్టికి అది నచ్చలేదు. ఫోన్లో ఈ జార్ వీడియో చూసి, మావయ్యా ఇదైతే నిజంగా బతికే మోడల్ కదా అంది. నేను డిగ్రీలో బీజెడ్‌సీ, అంటే బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ చదివినోణ్ణి, ఇప్పుడు మందుల షాపులో కూర్చుంటున్నా గానీ ఒకప్పుడు పిలా నత్త బొమ్మ కళ్లు మూసుకుని గీసేవాణ్ణి, ఆ పాత ప్రేమ ఎక్కడికి పోతుంది, ఆర్డర్ పెట్టేశా.

రెండు రోజుల్లో వస్తుందన్నారు, ఐదో రోజు వచ్చింది. ప్యాకింగ్ మాత్రం బాగుంది, ఆ మాట చెప్పాలి. రెండు లీటర్ల గాజు జార్, మందంగా, అడుగు సమంగా, మూతకి రబ్బరు రింగు గట్టిగా కూర్చుంది. విడిగా ఒక సంచిలో కడిగిన తెల్ల రాళ్లు, ఇంకో సంచిలో హైడ్రిల్లా అనే నీటి మొక్క కొమ్మలు మూడు, మూడో సంచిలో నీళ్లూ గాలీ నింపి ఆరు చెర్రీ రొయ్యలు, నాలుగు చిన్న నత్తలు, ఒక గప్పీ చేప. రొయ్యల్లో ఒకటి అప్పటికే అటో ఇటో అన్నట్టుంది, ఆ రాత్రికి పోయింది. మా అమ్మ వచ్చి చూసి "ఏటిరా ఇది, మన గెడ్డలో నాచు సీసాలో ఎట్టి పద్నాలుగొందలు తీసుకున్నారా" అంది. అప్పుడు నాకు కోపం వచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే మొత్తం రివ్యూ ఆ ఒక్క ముక్కలో ఉంది, కానీ మీరు ఇంత దూరం వచ్చారు కాబట్టి వివరంగా రాస్తా.

డబ్బాలో ఒక కార్డు ఇచ్చారు, రంగుల్లో, పిల్లలకి ఆవరణ వ్యవస్థ గురించి చెప్పడానికి. ఆ కార్డు రాసినాయన ఎవరో గానీ ఆయనకి నేను సున్నా మార్కులు వేస్తా. మొదటి తప్పు బాణాలు. చేప నుంచి రొయ్యకి, రొయ్య నుంచి మొక్కకి బాణం గీశాడు, చేప రొయ్యని తింటుంది కాబట్టి అటు చూపించాలి అనుకున్నాడు కాబోలు. ఆహారపు గొలుసులో బాణం ఎవరు ఎవర్ని తింటారో చూపించేది కాదు బాబూ, శక్తి ఎటు పోతోందో చూపించేది, అది మొక్క నుంచి రొయ్యకి, రొయ్య నుంచి చేపకి పోవాలి. ఈ తప్పు చిట్టి కూడా కనిపెట్టింది, క్లాసులో మేడమ్ ఇదే తప్పుకి మార్కులు కోస్తారట. రెండో తప్పు, మొక్క తన ఆహారాన్ని నీటి నుంచి, రాళ్ల నుంచి పీల్చుకుంటుంది అని రాశాడు. ఇది ఎంత పాత పొరపాటంటే, వాన్ హెల్మాంట్ అని బెల్జియం వైపు ఆయన ఒకడు ఒక తొట్టిలో మట్టి తూచి వేసి విల్లో మొక్క నాటి ఐదేళ్లు వానా నీళ్లూ తప్ప ఇంకేం ఇవ్వకుండా పెంచి మళ్లీ తూచాడు, చెట్టు 164 పౌన్లు పెరిగింది, మట్టి తగ్గింది రెండు ఔన్సులు. ఆ సంగతి అచ్చయింది 1648లో. చెట్టు బరువంతా నీళ్ల నుంచే వచ్చిందని ఆయన కూడా పొరపాటు పడ్డాడులెండి, గాల్లోంచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటుందని అప్పటికి తెలీదు, కానీ మట్టిని తిని పెరగలేదని మాత్రం తేలిపోయింది. మట్టిలోంచి, నీళ్లలోంచి మొక్క తీసుకునేవి లవణాలు, అవి కూరలో ఉప్పూ పోపూ లాంటివి. అన్నం మాత్రం అది సొంతంగా వండుకుంటుంది, నీళ్లూ కార్బన్ డయాక్సైడూ సరుకులు, ఎండ పొయ్యి, పత్రహరితం గిన్నె, వచ్చేది గ్లూకోజు, పొంగి పోయేది ఆక్సిజన్.

మూడో తప్పు అన్నిటికన్నా పెద్దది, దాని దగ్గరికి తర్వాత వస్తా.

ఇక్కడ ఒక చిన్న వెటకారం. డబ్బా వెనక ఉత్పత్తిదారు ఫలానా, వినియోగదారుల ఫిర్యాదులకి ఫలానా నంబరు అని ఉంది. చిట్టి అది చదివి పడీ పడీ నవ్వింది, మావయ్యా కంపెనీవాడు ఉత్పత్తిదారు అయితే వాడు ఎండలో నిలబడి తిండి తయారుచేస్తున్నాడా అని. నిజానికి ఈ పిల్లలకి ఆ రెండు మాటలతోనే సగం చిక్కు వస్తుంది, సైన్సు పుస్తకంలో ఉత్పత్తిదారు అంటే పచ్చని మొక్క, నాచు, పాచి, అంతే, ఫ్యాక్టరీ కాదు, రైతు కూడా కాదు. రైతు ఎంత కష్టపడినా లెక్కలో వినియోగదారే, గింజలో శక్తి నింపేది వరి మొక్క.

సరే, సెటప్ చేశాం. నీళ్లు కుళాయివి పోయొచ్చని కార్డులో ఉంది, అది నేను వినలేదు, క్లోరిన్ ఉంటే రొయ్యలు తట్టుకోలేవు, బోరు నీళ్లు ఒక రాత్రంతా బకెట్‌లో ఉంచి పోశా. హాల్లో తూర్పు కిటికీ దగ్గర పెట్టాం, ఎండ నేరుగా పడకుండా కర్టెన్ వేసి. మర్నాడు పొద్దున్న పదింటికి చిట్టి కేక వేసింది, వెళ్లి చూస్తే హైడ్రిల్లా ఆకుల అంచుల మీద సన్నటి బుడగలు, ముత్యాలు గుచ్చినట్టు, ఒక్కోటి ఊడి పైకి పోతోంది. కర్టెన్ మూస్తే తగ్గుతున్నాయి, తీస్తే మళ్లీ పెరుగుతున్నాయి. నిమిషానికి ఎన్ని వస్తున్నాయో లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాసుకుంది, కర్టెన్ తీసి 31, మూసి 6. ఈ ఒక్క పొద్దుటి కోసం అయితే డబ్బులు ఇవ్వొచ్చు అనిపించింది. ప్రీస్ట్‌లీ అని ఇంగ్లండ్ శాస్త్రవేత్త 1771లో మూసిన గాజు పాత్రలో పుదీనా కొమ్మ పెడితే ఆరిపోయిన కొవ్వొత్తి మళ్లీ వెలిగించొచ్చు అని చూశాడు, ఎలక కూడా బతికింది, కానీ ఒక్కోసారి ఆ ప్రయోగం పనిచేసేది, ఒక్కోసారి చేసేది కాదు. ఎందుకో 1779లో ఇంగెన్‌హౌజ్ అనే డచ్ డాక్టరు తేల్చాడు, నీళ్లలో మొక్కల మీద ఈ బుడగల్నే చూసి. ఎండ ఉంటేనే, అదీ ఆకుపచ్చని భాగాల్లోంచే బుడగలు వస్తాయి, రాత్రిపూట మొక్క కూడా మనలాగే గాలి పాడుచేస్తుంది అని. ఈ కార్డు రాసినాయన ఆ రెండో సగం చదివి ఉంటే నా రొయ్యలు బతికేవి.

ఎందుకంటే మూడో రోజు తెల్లవారుజామున నాలుగున్నరకి నేను మంచినీళ్లకి లేచి చూస్తే, రొయ్యలన్నీ నీటి పైకి వచ్చి మొక్క చివర్లు పట్టుకుని వేలాడుతున్నాయి, నత్తలు మూతకి దగ్గరగా గాజు మీదికి పాకేశాయి, గప్పీ నోరు పైకి పెట్టి గుటకలు మింగుతోంది. చూడ్డానికి కుదురుగా పేర్చినట్టు ఉంది, అసలు విషయం తెలీకపోతే ఎంత బాగున్నాయో అని ఫోటో తీసుకుంటాం. పొద్దున్న బావకి ఫోన్ చేసి చెప్తే మాట పూర్తి కాకుండానే "డీఓ పడిపోయింది బావా" అన్నాడు. డీఓ అంటే నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్. రొయ్యల చెరువు చేసేవాళ్లకి అది గుండె కొట్టుకోవడం లాంటిది. పగలంతా నీళ్లలో పచ్చ పాచి ఎండకి ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే పాచి ఆక్సిజన్ పీల్చుకుంటుంది, రొయ్యలు పీలుస్తాయి, అడుగు బురదలో బ్యాక్టీరియా పీలుస్తుంది, ఇచ్చేవాడు ఒక్కడూ లేడు, తెల్లారేసరికి అట్టడుగుకి చేరుతుంది. అందుకే నీళ్లని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు రాత్రంతా తిరుగుతాయి, అందుకే ఆ టైమ్‌లో కరెంటు పోతే జనరేటర్ దగ్గరికి పరుగులు. "మబ్బు పట్టిన రోజు మరీ భయం, పగలు కూడా సంపాదన ఉండదు, రాత్రి ఖర్చు మాత్రం తగ్గదు" అన్నాడు. బావ పదో తరగతి దాకే చదివాడు. కార్డు రాసినాయన్ని ఒక వారం ఆయన దగ్గర ట్రైనింగ్‌కి పంపాలి.

మొక్క పగలు వండుతుంది, అందులో దాదాపు సగం దాకా తన బతుక్కే తను ఖర్చు పెట్టుకుంటుంది, మిగిలింది ఒంటికి పట్టిస్తుంది, ఆ పట్టించుకున్నదే మిగతావాళ్లకి తిండి. అసలు ఆకు మీద పడ్డ ఎండలోనే మొక్క పట్టుకోగలిగేది నూటికి ఒకటో రెండో వంతులు. అంటే పొయ్యి దగ్గరే ఇంత పిసినారితనం ఉన్నప్పుడు, పంక్తిలో ఎంతమందిని కూర్చోబెడుతున్నామో చూసుకోవాలి కదా.

పంక్తి అన్నా కాబట్టి చెప్తా, ఈ జార్‌లో ఎవరు ఏం తింటారో కంపెనీవాడికే తెలీదు. హైడ్రిల్లా ఉంది కాబట్టి రొయ్యలూ నత్తలూ దాన్నే నములుతాయి అని వాడి లెక్క. నేను లెన్స్ పెట్టి గంటలు గంటలు చూశా (షాపులో సన్నక్షరాలు చదవడానికి ఉంచుకున్న లెన్స్). నత్త ఆకుని కొరకదు, ఆకు మీద గీకుతుంది, దాని నాలుక మీద ఆకురాయి లాగా సన్నటి పళ్ల వరసలు ఉంటాయి, ఆ గీకుడు జిగట పొర కోసం. పాత చెరువు రాయి ముట్టుకుంటే జారుతుంది చూడండి, ఆ పొర, అందులో కంటికి కనపడని నాచు, బ్యాక్టీరియా, కుళ్లిన ఆకు తుక్కు అన్నీ ఉంటాయి, చెర్రీ రొయ్యలది కూడా ఎక్కువగా ఆ తిండే, చిన్న చిన్న గోళ్లతో ఏరుకుని నోట్లో పెట్టుకుంటాయి. మరి కొత్త గాజు జార్‌లో, మెరిసేలా కడిగిన తెల్ల రాళ్ల మీద ఆ పొర ఎక్కడిది? ఏమీ లేదు. రొయ్యలు పొద్దస్తమానం రాళ్ల మీద ఏరుతూనే ఉన్నాయి, వీడియోలో అది చలాకీగా ఆడుకోవడం లాగా కనిపిస్తుంది, అది ఆకలి. అందం కోసం రాళ్లు కడిగి కంచం ఖాళీ చేసి పంపాడు.

ఇంక లెక్క. అడ్వర్టైజ్‌మెంట్లో జనాలకి కదిలేవి ఎక్కువ కనపడాలి, మొక్కని ఎవడు చూస్తాడు, అందుకే మూడు కొమ్మలకి పదకొండు ప్రాణులు. లిండెమన్ అని అమెరికా కుర్రాడు మిన్నెసోటాలో ఒక చిన్న బురద సరస్సుని ఏళ్ల తరబడి కూర్చుని లెక్కగట్టాడు, ఎండ ఎంత పడింది, నాచు ఎంత పట్టింది, దాన్ని తిన్నవి ఎంత దాచుకున్నాయి, వాటిని తిన్నవి ఎంత అని. ముందు ఆ పేపర్‌ని వద్దన్నారు, చివరికి 1942లో అచ్చయ్యేనాటికి ఆయన లేడు, 26 ఏళ్లకే పోయాడు. మనం పరీక్షల్లో రాసే పది శాతం సూత్రం అక్కడినుంచి వచ్చింది, ఒక మెట్టు నుంచి పై మెట్టుకి సుమారుగా పదో వంతు శక్తే చేరుతుంది, మిగతాది ఊపిరికి, కదలడానికి, వేడికి, అరగకుండా బయటికి పోయేదానికి. పది అన్నది రాతి మీద గీత కాదు, ఒక చోట తక్కువ ఒక చోట ఎక్కువ, కానీ నాచులో వెయ్యి కేలరీలు ఉంటే నత్తలో వంద, నత్తని తిన్న చేపలో పది, చేపని తిన్న కొంగలో ఒకటి, ఆ ధోరణి మాత్రం మారదు.

చిట్టికి ఇది చెప్తుంటే బావ ఇంట్లోనే ఉన్నాడు, ఒప్పుకోలేదు. "మా దగ్గర ఒకటిన్నర కేజీ మేతకి కేజీ రొయ్య వస్తుంది, మేత లెక్క, అదే ఎఫ్‌సీఆర్, 1.5, పదో వంతు ఏంటి బావా, మీ సైన్సు మా చెరువుల్లో చెల్లదు" అన్నాడు. నేను కూడా ఒక నిమిషం బిక్కమొహం వేశా. తర్వాత వెలిగింది. మేత ఎండు గుళికలు, రొయ్య ఒంట్లో నాలుగింట మూడొంతులు నీళ్లు. నీళ్లు తీసేసి తూస్తే కేజీ రొయ్యలో ఎండు సరుకు పావు కేజీయే, అంటే ఒకటిన్నర పెడితే పావు, ఆరో వంతు. అదీ ఫ్యాక్టరీలో రొయ్య కోసమే కలిపిన మేత కాబట్టి, ఏరియేటరూ మందులూ కాపలా అన్నీ ఉండబట్టి. ఏమీ లేని చెరువులో పదో వంతు అంటే ఎక్కువే. బావ లోపల ఏమనుకున్నాడో గానీ పైకి "అవున్లే, ఎండబెడితే రొయ్య అంతే కదా" అని ఎండు రొయ్యల రేటు గురించి మాట్లాడ్డం మొదలుపెట్టాడు.

మా జిల్లావాళ్లకి ఇది చూపించడానికి జార్ కూడా అక్కర్లేదు నిజానికి. టెక్కలి దగ్గర తేలినీలాపురం వెళ్తే చింతచెట్ల మీద గూడబాతులూ రంగు కొంగలూ కనిపిస్తాయి చలికాలంలో. ఆ పక్షులు ఒక్క చెరువు నమ్ముకుని బతకవు, నౌపడా వైపు చిత్తడి నేలలూ చుట్టుపక్కల చెరువులూ మొత్తం తిరిగి చేపలు తెచ్చి పిల్లలకి పెడతాయి. చిట్టి అడిగింది, గూడబాతులు ఊరంతా ఉంటే చేపలు ఎన్ని ఉండాలి, చేపలు అన్ని ఉంటే నాచు ఎంత ఉండాలి మావయ్యా అని. కరెక్ట్ ప్రశ్న. పైన ఒక్క పెద్ద పక్షి ఉందంటే కింద దానికి ఎన్నో రెట్లు పచ్చదనం పరుచుకుని ఉండాలి. మా జార్‌లో పైన గప్పీ, కింద మూడు కొమ్మలు. పిరమిడ్ తలకిందులుగా నిలబెట్టి అమ్మాడు.

అక్టోబరు మొదట్లో అల్పపీడనం పట్టింది. అరసవిల్లిలో స్వామి పాదాల మీద సూర్యకిరణాలు పడే రోజులవి, మార్చిలోనూ అక్టోబరులోనూ వస్తాయి కదా, అమ్మ తెల్లారకుండా వెళ్లి జనంలో నిలబడి, మబ్బు కదలక, దర్శనం చేసుకుని వెనక్కి వచ్చేసింది. ఇంటికి వచ్చి జార్ చూసి "దీనికీ సూరీడు రాలేదు పాపం" అంది. వరసగా ఆరు రోజులు సరిగ్గా ఎండ లేదు. రెండో రోజుకి బుడగలు ఆగిపోయాయి. మొక్క చేసేదీ తినేదీ సమానంగా ఉండే వెలుతురు ఒకటి ఉంటుంది, అంతకంటే కిందికి దిగితే మొక్క దాచుకున్నది కరిగించి బతుకుతుంది, అదీ అయిపోయాక ఆకులు గోధుమరంగు తిరిగి జారిపోయాయి. నాలుగో రోజు నీళ్లు బియ్యం కడిగిన నీళ్లలా తెల్లబడ్డాయి, కుళ్లిన ఆకుల మీద బ్యాక్టీరియా విజృంభించింది, ఉన్న కాస్త ఆక్సిజనూ అది లాగేసింది. రొయ్యలు ఎర్ర రంగు పోయి పాలిపోయి ఒక్కోటీ పడ్డాయి. గప్పీ పంతొమ్మిదో రోజు పొద్దున్న. మూత తీస్తే వచ్చిన వాసనకి అమ్మ "సచ్చిపోనాయిరా, బయట పారబొయ్యి" అని ముక్కు మూసుకుంది. చిట్టి ఏడవలేదు, నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసుకుంది, అది చూస్తే నాకే ఎక్కువ బాధేసింది.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశా. ఆ అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది, కానీ ముందు ఎండ ఎక్కువైంది సార్ అంది, మబ్బు పట్టింది అంటే అయితే ఎండ తక్కువైంది సార్ అంది. రెండు వైపులా తప్పు నాదే. ఒక రొయ్య మొదటి రాత్రే చనిపోయిందని అప్పుడే ఫోటో పెట్టా కాబట్టి 200 రూపాయల కూపన్ ఇచ్చారు, మళ్లీ వాళ్ల దగ్గరే కొనడానికి. వాడలేదు.

ఇప్పుడు ఆ మూడో తప్పు. కార్డు మీద ఒక గుండ్రటి చక్రం గీసి, శక్తి మొక్క నుంచి రొయ్యకి, రొయ్య నుంచి మళ్లీ మొక్కకి తిరుగుతూనే ఉంటుంది అని రాశారు. తిరిగేది శక్తి కాదు. తిరిగేవి సరుకులు, కార్బన్, నైట్రోజన్, భాస్వరం, అవి రొయ్య పెంటలోంచి బ్యాక్టీరియా చేతిలో పడి విడిపోయి మళ్లీ మొక్కకి చేరతాయి. శక్తి ఒకవైపే పోతుంది, ఎండగా వస్తుంది, వేడిగా పోతుంది, ఒకసారి వేడి అయి గాల్లో కలిసిన దాన్ని ఏ మొక్కా మళ్లీ పట్టి వండలేదు. అందుకే రోజూ కొత్త ఎండ కావాలి, అందుకే జార్ సీలు వేసినా కిటికీ దగ్గరే పెట్టాలి. చక్రంలా తిరిగేదే అయితే బీరువాలో పెట్టుకోవచ్చుగా.

ఆ సరుకుల్ని తిప్పే పనివాళ్లు విచ్ఛిన్నకారులు, అంటే చచ్చినదాన్నీ పెంటనీ విడగొట్టే బ్యాక్టీరియా లాంటివి. కార్డు మీద వాళ్ల పేరే లేదు, జార్‌లోనూ మొదట్లో పెద్దగా లేరు, తెల్ల రాళ్లతో పాటు కడిగేశారు. దసరాకి ఊరెళ్లినప్పుడు ఆ ఖాళీ జార్ తీసుకెళ్లాం. మా ఊరు ఆమదాలవలస అవతల, చెరువు గట్టు దిగి మోకాలి లోతులో చిట్టి గుప్పెడు బురద తీసింది, నల్లగా, మెత్తగా, వేళ్ల మధ్య నుంచి జారుతూ. జార్ అడుగున రెండు వేళ్ల మందం వేశాం, పైన కాస్త ఏటి ఇసక, ఆ చెరువు నీళ్లే, చెరువులో నాచు ఓ దోసెడు, నత్తలు రెండే రెండు. చేప వద్దు, రొయ్య వద్దు అని గట్టిగా అనుకున్నాం. కంటికి కనపడకుండా నీళ్లతో పాటు వచ్చినవి వేరే, వారం తర్వాత చూస్తే నీటి ఈగలు అంటారే, తెల్ల చుక్కల్లా ఎగురుతూ ఉంటాయి, అవి కనిపించాయి.

బురద ఎక్కువ వేద్దాం మావయ్యా బలం కదా అంది, నేనే ఆపా. అమెరికాలో అరిజోనాలో బయోస్ఫియర్ 2 అని పెద్ద గాజు మహల్ కట్టి 1991లో ఎనిమిది మందిని లోపల పెట్టి తాళం వేశారు, రెండేళ్లు బయటి గాలి లేకుండా బతకాలని. వాళ్లు పంటలకి బలంగా ఉండాలని సారవంతమైన మట్టి బాగా వేశారు, ఆ మట్టిలో బ్యాక్టీరియా ఊపిరికి లోపలి ఆక్సిజన్ 21 శాతం దగ్గర్నుంచి 14.5కి పడిపోయింది, చివరికి 1993 మొదట్లో బయట్నుంచి ఆక్సిజన్ పంపాల్సి వచ్చింది. వాళ్లది ఎకరాల లెక్క, మనది రెండు లీటర్లు, సూత్రం ఒకటే. పనివాళ్లు ఉండాలి, కానీ ఇంటివాళ్ల అన్నం కూడా లాగేసుకునేంత మంది ఉండకూడదు.

పది రోజులకి బురద గాజుని ఆనుకున్న చోట నల్ల చారలు వచ్చాయి, మూత తీస్తే కొద్దిగా కోడిగుడ్డు కుళ్లిన వాసన. హైడ్రోజన్ సల్ఫైడ్, గాలి తగలని బురదలో మామూలే. చిట్టి అప్పుడు ఒక మంచి ప్రశ్న వేసింది, ఎండ లేకుండా వండేవాళ్లు ఎవరూ లేరా అని. ఉన్నారు. 1977లో గాలపాగోస్ దీవుల దగ్గర సముద్రం అడుగున, వెలుతురు చొరబడని లోతులో, వేడినీళ్లు చిమ్మే బుగ్గల చుట్టూ గుంపులు గుంపులుగా ప్రాణులు కనిపించాయి, అక్కడ ఉత్పత్తిదారులు మొక్కలు కాదు బ్యాక్టీరియా, ఇదే కుళ్లు గుడ్డు వాసన గ్యాస్‌లోంచి శక్తి తీసి తిండి తయారుచేస్తాయి. "అయితే ఈ కంపు కూడా ఒకరికి అన్నమే అన్నమాట" అంది. అమ్మ వింటూ "ఓలమ్మో, సాల్లే, మూత ఎట్టు" అంది.

ఆ రెండో జార్ పెట్టి నాలుగు నెలలు అయింది, ఇంకా అదే కిటికీలో ఉంది. ఒక్కసారి కూడా మేత వేయలేదు, నీళ్లు పోయలేదు, డిసెంబర్ మబ్బుల్లో కాస్త వాడింది గానీ సంక్రాంతికల్లా తేరుకుంది. ప్రాజెక్టులో చిట్టి రెండు జార్ల కథా రాసింది, చచ్చిపోయినదాని బుడగల లెక్కలతో సహా. కొందరు పిల్లలు చనిపోయిన జార్ గురించి ఎందుకు రాశావు అని నవ్వారట, మేడమ్ మాత్రం ఆ పేజీకే ఎక్కువ మార్కులు ఇచ్చారట.

రేటింగ్ అంటే, గాజు జార్‌కీ మూతకీ నాలుగు స్టార్లు, నిజంగా మంచి సరుకు, ఒక్క చుక్క కారలేదు. లోపల ఇచ్చిన ప్రాణులకీ రాళ్లకీ ఒక్క స్టారు, అదీ మొదటి మూడు రోజుల బుడగల కోసం. కార్డుకి సున్నా. ఇలాంటిది కొనాలనుకునేవాళ్లు ఖాళీ పచ్చళ్ల జాడీ లాంటి గాజు సీసా ఏదైనా తీసుకోండి, చెరువు మీ ఊళ్లోనే ఉంటుంది, మొక్క ఎక్కువ, తినేవి తక్కువ, ఎండ నేరుగా కాకుండా పక్కనుంచి. మొదటి వారం తెల్లారి లేచి ఒకసారి చూడండి, నత్తలు పైకి పాకేసి ఉంటే ఒకదాన్ని తీసి చెరువులో వదిలేయండి.

నిన్న గాజు లోపలి వైపు, నీటి మట్టానికి కిందుగా జిగురు ముద్దలో నత్త గుడ్లు కనిపించాయి, చిట్టి లెన్స్ పెట్టి లెక్కపెట్టి 23 అంది, నాకు 22 వచ్చాయి. అన్నీ పిల్లలైతే తిండి చాలదు కాబట్టి సగం తీసేయాలా, వాటి పాట్లు వాటికి వదిలేయాలా అని ఇద్దరం ఇంకా తేల్చుకోలేదు. కంపెనీ ఇచ్చిన తెల్ల రాళ్లు అమ్మ తులసికోట చుట్టూ పేర్చింది, అక్కడ బాగున్నాయి.